క్లచ్ లోపాల నిర్ధారణ: ఉత్తర తెలంగాణలో మాన్యువల్ గేర్ కార్లు

ఇంజను తిరుగుడును గేర్‌బాక్స్‌కు కలిపేదీ, డ్రైవరు పెడల్ తొక్కగానే ఆ కలయికను విడదీసేదీ క్లచ్. అది సరిగా పట్టకపోయినా, సరిగా విడవకపోయినా, పట్టేటప్పుడు అదిరినా, చప్పుడు చేసినా తప్పు ఏ భాగంలో ఉందో గేర్‌బాక్స్ దించక ముందే తేల్చుకోవడం క్లచ్ లోపాల నిర్ధారణ. దించక ముందే అన్నది ఇందులో కీలకం. క్లచ్ ప్లేటు ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ నడుమ బెల్ హౌసింగ్ అనే మూసిన గుల్లలో ఉంటుంది. దాన్ని కంటితో చూడాలంటే గేర్‌బాక్స్ కిందికి రావాల్సిందే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో డ్రైవ్ షాఫ్ట్‌లు కూడా ఊడదీయాలి. కేబుల్ బిగింపు సవరిస్తే పోయే దోషానికి ఒక రోజు కూలీ, కొత్త క్లచ్ సెట్టు ధర పడకుండా చూడటమే నిర్ధారణకున్న ప్రయోజనం.

ఈ వ్యాసం పరిధి పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో వీటి ప్రాంతం ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడింది. ఘాట్ రోడ్లు, నల్లరేగడి నేలలు, బొగ్గు లారీల రద్దీ, జాతర ట్రాఫిక్ అన్నీ ఒకే ప్రాంతంలో ఉండటం వల్ల క్లచ్‌కు వచ్చే దాదాపు అన్ని రకాల కష్టాలూ ఇక్కడ కనిపిస్తాయి.

చరిత్ర

1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల వాహనంలో నేటి అర్థంలో క్లచ్ లేదు. పట్టీని ఖాళీగా తిరిగే కప్పీ మీద నుంచి బిగించిన కప్పీ మీదికి జరిపితే బండి కదిలేది. తర్వాత తోలు తొడిగిన శంకు ఆకారపు క్లచ్‌లు వచ్చాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఒకే పొడి ప్లేటు ఉన్న క్లచ్ కార్లలో స్థిరపడింది. ప్లేటును నొక్కి పట్టడానికి మొదట చుట్టూ అమర్చిన కాయిల్ స్ప్రింగులు వాడేవారు. 1960ల నుంచి వాటి స్థానంలో పళ్లెం ఆకారపు డయాఫ్రం స్ప్రింగ్ వ్యాపించింది. లైనింగులో ఒకప్పుడు వాడిన ఆస్‌బెస్టాస్‌ను ఆరోగ్య కారణాలతో తయారీదారులు క్రమంగా వదిలేశారు.

ఈ ప్రాంతంలో మోటారు రవాణా విస్తరించింది నిజాం కాలంలో. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. స్వతంత్ర భారతంలో దశాబ్దాల పాటు సొంత కారు అంటే అంబాసిడర్ లేదా ఫియట్. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కేబుల్‌తో పనిచేసే తేలికపాటి క్లచ్‌ను చిన్న పట్టణాల మెకానిక్ షెడ్లకు పరిచయం చేసింది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి ఉత్పత్తీ 2014లో ఆగిపోయింది. గేర్‌బాక్స్ దించి ఎక్కించే పని మాత్రం ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికిల్ ట్రేడ్ చదివినవారు, గురువు దగ్గర చేతిపనిగా నేర్చినవారు నేటికీ ఒకే షెడ్డులో పక్కపక్కన చేస్తున్నారు.

భాగాలు, పనితీరు

క్లచ్‌లో ప్రధాన భాగాలు నాలుగు. ఇంజను క్రాంక్ షాఫ్ట్‌కు బిగించిన బరువైన చక్రం ఫ్లైవీల్. రెండు పక్కలా లైనింగు ఉండి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ గాళ్ల మీద ముందుకూ వెనక్కూ జరిగేది క్లచ్ ప్లేటు. దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది ప్రెజర్ ప్లేటు. పెడల్ తొక్కినప్పుడు డయాఫ్రం ఫింగర్లను నొక్కి ఆ పట్టు సడలించేది రిలీజ్ బేరింగ్. మార్కెట్లో క్లచ్ సెట్టు పేరుతో దొరికేది సాధారణంగా వీటిలో చివరి మూడే; ఫ్లైవీల్ అందులో ఉండదు. పెడల్ నుంచి రిలీజ్ బేరింగ్ దాకా బలాన్ని చేర్చేది ఉక్కు కేబుల్ కావచ్చు, మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ ఉన్న హైడ్రాలిక్ ఏర్పాటు కావచ్చు (చూ. హైడ్రాలిక్ బ్రేకులు).

క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి లబ్ధం: రాపిడి ముఖాల సంఖ్య, రాపిడి గుణకం, నొక్కే బలం, లైనింగు సగటు వ్యాసార్ధం. ఉదాహరణకు రెండు ముఖాలు, 0.3 గుణకం, 3,500 న్యూటన్ల బలం, 75 మి.మీ. వ్యాసార్ధం ఉంటే సుమారు 157 న్యూటన్ మీటర్లు వస్తుంది. 110 న్యూటన్ మీటర్ల ఇంజనుకు ఇది చాలు, మిగులు కూడా ఉంటుంది. నూనె తగిలి గుణకం సగానికి పడితే సామర్థ్యం 79కి దిగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ సగం తొక్కినంత వరకు బండి మామూలుగానే నడుస్తుంది. పూర్తి టార్క్ అడిగినప్పుడే ప్లేటు జారుతుంది. ఊళ్లో తిప్పి చూసి బాగుందన్న కారు ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిపోవడానికి కారణం ఈ మిగులు కరిగిపోవడమే.

క్లచ్‌కు అసలు శత్రువు వేడి. సమతలం మీద 1,000 కిలోల కారు గంటకు 15 కి.మీ. వేగం అందుకునేలోగా క్లచ్‌లో వేడిగా మారే శక్తి సుమారు 9 కిలోజౌళ్లు. అదే కారును పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీద బ్రేకు లేకుండా హాఫ్ క్లచ్‌తో నిలబెడితే, ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుండగా, దాదాపు 3 కిలోవాట్ల వేడి పుడుతుంది. అంటే ప్రతి మూడు సెకన్లకూ ఒకసారి బండి కదిలించినంత అరుగుదల. నిమిషం నిలబెడితే ఇరవై సార్లు కదిలించినట్టు. వేసవిలో రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు చేరుతుంది కాబట్టి ప్లేటు ఎండకు కాలిందన్న మాట వినిపిస్తుంది. జారే లైనింగు ముఖం మీద వందల డిగ్రీలు పుడతాయి. వాటి ముందు బయటి ఎండ పాత్ర చిన్నది.

లోపాల రకాలు, పరీక్షలు

పట్టు జారడం. “ఇంజన్ రేజ్ అయితున్నది, బండి గుంజుతలేదు” అన్నది దీని వాడుక వర్ణన. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను చుట్లు పెరుగుతాయి, వేగం ఆ మేరకు పెరగదు. మైలేజీ తగ్గడం, కాలిన వాసన తోడవుతాయి. నమ్మదగిన పరీక్ష రోడ్డు మీదే. ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద గంటకు 40 కి.మీ. వేగంతో నాలుగో గేరులో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. టాకోమీటరు ముల్లు స్పీడోమీటరుతో పాటు నెమ్మదిగా లేస్తే పట్టు బాగుంది. ముల్లు ఒక్కసారి ఎగిరి, వేగం వెనకబడితే ప్లేటు జారుతోంది.

షెడ్లో చేసే పరీక్ష వేరు. చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని మూడో గేరు వేసి పెడల్ మెల్లగా వదలాలి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ బాగా అరిగిపోయినట్టే. ఇంజను ఆగినంత మాత్రాన క్లచ్ బాగుందని చెప్పలేం. తొలిదశ జారుడు ఈ పరీక్షకు దొరకదు. పదే పదే చేస్తే పరీక్షే ప్లేటును కాలుస్తుంది కనుక ఒకసారితో ఆపాలి.

కారణాల్లో చవకైనవాటిని ముందు చూడాలి. కేబుల్ కార్లలో పెడల్ పైభాగాన కొంత ఖాళీ ఆట ఉండాలి. చాలా చిన్న కార్లలో అది సుమారు 15 నుంచి 25 మి.మీ., కచ్చితమైన కొలత ఆ కారు మాన్యువల్లో ఉంటుంది. లైనింగు అరిగేకొద్దీ డయాఫ్రం ఫింగర్లు రిలీజ్ బేరింగ్ వైపు లేస్తాయి, ఆ ఆట తగ్గిపోతుంది. ఆట లేని కారులో కాలు తీసినా పెడల్ కొంచెం తొక్కి ఉన్నట్టే. కొత్త ప్లేటు కూడా జారుతుంది. హైడ్రాలిక్ కార్లలో ఈ అరుగుదలను వ్యవస్థ తనంతట తానే సర్దుకుంటుంది, పెడల్ దగ్గర తేడా తెలియదు. అక్కడ ఇంకో గుర్తు ఉంది: ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ వెనక్కి జరిగి, ద్రవాన్ని డబ్బాలోకి నెడుతుంది. కాబట్టి క్లచ్ ద్రవం మట్టం తగ్గడం అరుగుదల కాదు, కారుడు. బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉన్న కార్లలో బ్రేకు ప్యాడ్ల అరుగుదల వల్లా మట్టం తగ్గుతుంది. రెంటినీ కలిపి చూడాలి. ఇవన్నీ సరిగా ఉంటే మిగిలేవి అరిగిన లైనింగు, నీరసించిన డయాఫ్రం, ఇంజను వెనక సీలు లేదా గేర్‌బాక్స్ సీలు నుంచి కారిన నూనె. బెల్ హౌసింగ్ అడుగున నూనె తడి కనిపిస్తే ప్లేటుతో పాటు సీలు కూడా మార్చాలి. సీలు వదిలేసి ప్లేటు ఒక్కటే మారిస్తే ఆ ఖర్చు వృథా.

పూర్తిగా విడవకపోవడం. “గేర్ పడతలేదు”, “రివర్స్ వేస్తే గరగరమంటున్నది” అనేవి దీని లక్షణాలు. చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రోనైజర్ ఉండదు కనుక లోపం మొదట అక్కడే బయటపడుతుంది. ఇంజను ఐడిల్‌లో ఉండగా పెడల్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోవడానికి ఆ వ్యవధి చాలు. అప్పటికీ గరగరమంటే క్లచ్ విడవడం లేదు.

ఇక్కడ గేర్‌బాక్స్ దోషాన్ని క్లచ్ మీద వేయడం తరచూ జరిగే పొరపాటు. ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. ఆపినప్పుడు సులువుగా పడి, నడుస్తుంటే పడకపోతే దోషం క్లచ్‌ది. ఆపినా పడకపోతే గేర్ లింకేజీ లేదా గేర్‌బాక్స్ లోపలిది. పరుగులో ఒక్క గేరు మాత్రమే గరగరమంటూ మిగిలినవి మెత్తగా పడితే ఆ గేరు సింక్రోనైజర్ అరిగింది (చూ. గేర్‌బాక్స్). ఆదిలాబాద్‌లో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఆ చలిలో గేర్ ఆయిల్ చిక్కబడి మొదటి కొద్ది కిలోమీటర్లు గేర్లు బిగుసుగా పడతాయి. బండి వేడెక్కాక సర్దుకునే ఆ బిగువు క్లచ్ లోపం కాదు.

హైడ్రాలిక్ కారులో పెడల్‌ను వరుసగా నాలుగైదు సార్లు తొక్కితే గేరు పడుతోందంటే పైపులో గాలి చేరింది, లేదా మాస్టర్, స్లేవ్ సిలిండర్లలో ఒకదాని రబ్బరు వాషర్ పోయింది. డాట్ 3, డాట్ 4 ద్రవాలు గాలిలోని తేమను పీలుస్తాయి. ఏళ్లపాటు మార్చని ద్రవం సిలిండర్ లోపలి గోడను తుప్పు పట్టిస్తుంది. కేబుల్ కారులో అయితే సాగిన కేబుల్, వంగిన ఫోర్క్ (రిలీజ్ బేరింగ్‌ను నెట్టే మీట), డ్యాష్‌బోర్డు కింద పగిలిన పెడల్ బ్రాకెట్ చూడాలి. వంగిన ప్లేటు, విరిగిన డయాఫ్రం ఫింగరు, గాళ్ల మీద తుప్పు పట్టి జరగని ప్లేటు బయటి నుంచి తేలవు.

అదురు. బండి కదిలేటప్పుడు మాత్రమే వణికి, వేగం అందుకున్నాక ఆగిపోయే అదురు ఇది. లైనింగు మీద నూనె, ఫ్లైవీల్ మీద అతివేడి వల్ల ఏర్పడిన నీలి మచ్చలు, ఎత్తు సమానంగా లేని ఫింగర్లు దీనికి కారణాలు. వీటన్నిటి కన్నా ముందు ఇంజను, గేర్‌బాక్స్ మౌంటింగ్‌ల రబ్బరు చూడాలి. పగిలిన మౌంటింగ్ అచ్చంగా ఇదే అదురు ఇస్తుంది. దాన్ని మార్చడం గంట పని.

శబ్దాలు. పెడల్ తొక్కితే మొదలై వదిలితే ఆగే కీచు లేదా గరగర రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు వినిపించి, తొక్కగానే ఆగిపోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. దానికి క్లచ్ సెట్టు మార్చినా ఫలితం ఉండదు. వెనక చక్రాలతో నడిచే జీపుల్లో, కొన్ని వ్యాన్లలో క్రాంక్ షాఫ్ట్ కొసన పైలట్ బేరింగ్ ఉంటుంది. పెడల్ తొక్కి గేరులో నిలబడ్డప్పుడు మాత్రమే అరిచేది అదే. క్లచ్ విడిపోయినప్పుడే ఇంజనుకూ ఇన్‌పుట్ షాఫ్ట్‌కూ తిరుగుడులో తేడా వస్తుంది, ఆ తేడాను మోసేది ఆ బేరింగే. కొన్ని డీజిల్ కార్లలో రెండు ముక్కలుగా ఉండే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ లొడలొడలాడితే దాని లోపలి స్ప్రింగులు సడలాయని అర్థం.

పెడల్ తీరు. పెడల్ గట్టిపడటం చాలాసార్లు కేబుల్ పోగులు తెగుతున్నాయని ముందస్తు సూచన. పట్టించుకోకపోతే దారిలో తెగుతుంది. కొత్త కేబుల్ వేశాక కూడా గట్టిగానే ఉంటే ఫోర్క్ ఆధారం ఎండిపోవడమో, ప్లేటు బాగా అరిగి డయాఫ్రం కోణం మారడమో కారణం. కింద పడి పైకి రాని పెడల్ హైడ్రాలిక్ లీకుకు గుర్తు.

ప్రాంతీయ కారణాలు

ఘాట్లు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ వైపు వెళ్లే దారిలోని కెరమెరి ఘాట్, జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఎక్కే దారి ఈ ప్రాంతపు క్లచ్‌లకు నిజమైన పరీక్షలు. మలుపులో ఎదురు బండికి దారిచ్చి ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో నిలబెట్టే అలవాటు పైన చెప్పిన 3 కిలోవాట్ల వేడిని పుట్టిస్తుంది. హ్యాండ్ బ్రేకు మీద నిలిపి కదలడమే సరైన పద్ధతి. దిగేటప్పుడు పెడల్ తొక్కి జారవిడవడం ప్లేటుకు హాని కాదు గానీ ప్రాణానికి ప్రమాదం: ఇంజను ఇచ్చే నిరోధం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది (చూ. ఇంజన్ బ్రేకింగ్).

నల్లరేగడి. పత్తి పండే ఆదిలాబాద్ చేలలో వానాకాలం బురదలో దిగబడిన బండిని ముందుకూ వెనక్కూ ఊపి తీయడం మామూలు. చక్రం ఖాళీగా తిరిగినంత సేపు క్లచ్ పట్టే ఉంటుంది, అరగదు. చక్రం కదలనప్పుడు పెడల్ సగం వదిలి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను బలమంతా ప్లేటు మీదే వేడిగా మారుతుంది. కొద్ది నిమిషాల్లో వాసన, పొగ వస్తాయి. ఏళ్లు నడవాల్సిన ప్లేటు ఒక్క సాయంత్రంలో పోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. చక్రం కింద పత్తి కట్టెనో, రాళ్లో పరిచి ఒకే గేరులో మెల్లగా లాగడం, లేదంటే ట్రాక్టరుతో గుంజించడం చవక. వాసన వచ్చిన వెంటనే ఆపి చల్లారనిస్తే ప్లేటు తేరుకునే అవకాశం ఉంది. అయితే మర్నాడు నాలుగో గేరు పరీక్ష చేసి చూడాలి.

వాగులు. బెల్ హౌసింగ్‌లోకి నీరు చేరితే లైనింగు తడిసి కాసేపు జారుతుంది, ఆరాక పట్టుకుంటుంది. దీనికి ప్లేటు మార్చనక్కర్లేదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత. తడిసిన కారును రోజుల తరబడి కదపకుండా ఉంచితే ఫ్లైవీల్ తుప్పుకు ప్లేటు అతుక్కుపోతుంది. పెడల్ ఎంత తొక్కినా క్లచ్ విడవదు, గేరులో స్టార్ట్ చేస్తే కారు ముందుకు ఉరుకుతుంది. వానాకాలం తర్వాత తొలిసారి తీసే బండిలో గేరు పడకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

బొగ్గు ప్రాంతం, జాతరలు. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి రోడ్ల మీద లారీల వెనక అంగుళం అంగుళం కదిలే ప్రయాణం, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, మహాశివరాత్రికి వేములవాడ రద్దీ, ఇవన్నీ క్లచ్‌ను ఒకే తీరున అరగదీస్తాయి. మొదటి గేరులో పెడల్ మీద కాలు ఆనించే ఉంచడం రిలీజ్ బేరింగ్‌ను, ప్లేటును రెంటినీ తింటుంది. దుమ్ము కేబుల్ తొడుగులో చేరి పెడల్‌ను గట్టిపరుస్తుంది.

గేర్‌బాక్స్ దించాక

ప్లేటు లైనింగు మీది ధూళిని గాలితో ఊదకూడదు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవాలి. లైనింగు రివెట్ల తల మీద 0.3 మి.మీ. మాత్రమే మిగిలితే ప్లేటు పని అయిపోయినట్టు. నూనె తగిలిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం అక్కడక్కడా కనిపిస్తుంది. నూనె లైనింగు లోపలికి ఇంకి ఉంటుంది, వేడెక్కగానే బయటికి వస్తుంది. ఆ పని చేయకూడదు. ఫ్లైవీల్ మీద గీతలు, నీలి మచ్చలు ఉంటే తయారీదారు అనుమతించినంత మేర లేత్ మీద చదును చేయించాలి. డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌ను సాధారణంగా చదును చేయరు, మారుస్తారు. ప్లేటు ఒక్కటే మార్చి పాత ప్రెజర్ ప్లేటు, బేరింగ్ ఉంచడం తక్కువ ఖర్చుగా కనిపించినా, వాటిలో ఏది పోయినా మళ్లీ అంతే కూలీతో గేర్‌బాక్స్ దించాలి. ప్లేటును తిరగేసి బిగిస్తే క్లచ్ విడవదు. ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో ప్లేటు మీదే గుర్తు ఉంటుంది, బిగించే ముందు గైడు కడ్డీతో నడిమికి సరిచూడాలి. కొత్త లైనింగు ముఖాలు సర్దుకునే దాకా, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు లాగించడం, ఘాట్లలో తొందరపెట్టడం మానాలి.

క్లచ్ పెడల్ లేని మాన్యువల్ గేర్‌బాక్సులు

2014లో మారుతి సెలెరియోతో భారతీయ మార్కెట్లోకి వచ్చిన ఏఎంటీ కార్లలో పెడల్ లేకపోయినా లోపల ఉన్నది ఇదే పొడి ప్లేటు. దాన్ని తొక్కేది యాక్చువేటర్. 2020లో హ్యుందాయ్ వెన్యూతో వచ్చిన ఐఎంటీలో గేరు చేత్తో వేస్తారు, క్లచ్‌ను యంత్రం చూసుకుంటుంది. ఘాట్‌లో యాక్సిలరేటర్‌తోనే ఏఎంటీ కారును నిలబెట్టినా ప్లేటు అదే విధంగా కాలుతుంది. తేడా నిర్ధారణలో వస్తుంది. పెడల్ ఆట కొలిచే వీలుండదు, కాలికి తెలిసే సూచనలు ఉండవు. కుదుపు ప్లేటుదో యాక్చువేటర్‌దో స్కానర్ చూపే లోపం కోడ్‌లను బట్టి, ప్లేటు పట్టే స్థానపు విలువను బట్టి తేల్చాలి. ప్లేటు మార్చాక ఆ స్థానాన్ని కంట్రోల్ యూనిట్‌కు కొత్తగా నేర్పించాలి. అలా చేయకపోతే కొత్త ప్లేటుతోనూ కారు పాత కుదుపుతోనే కదులుతుంది.